ప్రకృతి వైద్యుడికి పాఠం చెప్పిందెవరు?

అమీర్‌పేటలో కోచింగ్ తీసుకుని ఈ ఫీల్డులోకొచ్చిన వాళ్ళకి నేచర్ క్యూర్ హాస్పిటల్ పేరు కొత్తగా చెప్పక్కర్లేదు. బల్కంపేట వైపు వెళ్ళేటప్పుడు తగిలే ఆ ఆస్పత్రి మనలో చాలామందికి ఒక బస్ స్టాపు, అంతే. నలభై అయిదు రోజుల్లో ఒరాకిల్, మూడు నెలల్లో జావా నేర్పేస్తామనే బోర్డుల పక్కనే, మందుల్లేకుండా వైద్యం చెయ్యడం నేర్పించడానికి నాలుగున్నరేళ్ళు, ఆ పైన ఇంకో ఏడాది ఇంటర్న్‌షిప్పు కావాలనే కాలేజీ కూడా ఉందని తెలిసినవాళ్ళు తక్కువ. ఆ కోర్సు పేరు బి.ఎన్.వై.ఎస్. అంటే ప్రకృతి వైద్యం, యోగ శాస్త్రాల్లో డిగ్రీ అన్నమాట.

"నీళ్ళు, మట్టి, ఎండ, ఉపవాసం. వీటికి అయిదున్నరేళ్ళ చదువెందుకండీ? మా అమ్మమ్మ చెయ్యలేదా?" అని మా ఆఫీసులో ఒకాయన లంచ్ టేబుల్ దగ్గర అడిగాడు. వెటకారంగానే అడిగాడు గానీ ప్రశ్న మాత్రం మంచిది. ఈ వైద్యం మొదలెట్టిన వాళ్ళలో వైద్యం చదువుకున్నవాడు దాదాపు ఒక్కడూ లేడు మరి. అలాంటి వాళ్ళ చేతుల్లో పుట్టినది శవాన్ని కోసి అనాటమీ నేర్చుకునే డిగ్రీగా ఎలా మారింది? నాకు ఇదే ఆసక్తిగా అనిపించింది.

మొదట ఆ పెద్దమనుషుల గురించి. విన్సెంజ్ ప్రీస్నిట్జ్ (1799-1851) అప్పటి ఆస్ట్రియా సామ్రాజ్యంలో గ్రేఫెన్‌బర్గ్ అనే కొండ పల్లె రైతు. ఇప్పుడా ఊరు చెక్ దేశంలో ఉంది. కుర్రతనంలో బండి కింద పడి పక్కటెముకలు విరిగాయి. ఇక లాభం లేదని డాక్టరు చేతులెత్తేస్తే, ఛాతీకి తడిగుడ్డ కట్లు కట్టుకుని తనే బాగు చేసుకున్నాడు. తర్వాత ఊళ్ళో వాళ్ళకి, పశువులకి, ఆ పైన దూరాల నుంచి వచ్చే జమీందార్లకి కూడా అదే వైద్యం. 1830ల చివరికొచ్చేసరికి ఏడాదికి వెయ్యిమందికి పైగా ఆ పల్లెకి వచ్చేవారు. చుట్టుపక్కల డాక్టర్లు ఊరుకుంటారా? కేసులు పెట్టారు. అతని స్పాంజీలో ఏదో మందు దాచాడేమోనని దాన్ని కోసి చూశారని కూడా ఒక కథ చెప్తారు. దొరికింది నీళ్ళే :)

సెబాస్టియన్ క్నైప్ (1821-1897) ఒక నేతగాడి కొడుకు. మతగురువు కావాలని చదువుతుండగా క్షయలాంటి జబ్బు చేసింది. పాత పుస్తకమొకటి చదివి, 1849 చలికాలంలో డాన్యూబ్ నదిలోకి దూకి మునిగి లేవడం మొదలుపెట్టాడు. బతికాడు. తర్వాత బవేరియాలో వోరిషోఫెన్ అనే ఊళ్ళో చర్చి పని చూసుకుంటూనే జల చికిత్స చేశాడు. 1886లో రాసిన పుస్తకం ఎడిషన్ల మీద ఎడిషన్లు అమ్ముడుపోయింది. అడాల్ఫ్ జస్ట్ పుస్తకాల వ్యాపారి, నరాల బలహీనతతో బాధపడి మట్టి, ఎండ, గాలి దగ్గరికి చేరాడు. లూయీ కూనే లైప్‌జిగ్‌లో ఫ్యాక్టరీ నడుపుకునే చెక్కపని మనిషి.

అందరిదీ ఒకటే కథ గమనించారా? జబ్బు చెయ్యడం, డాక్టర్లు చేతులెత్తెయ్యడం, తనకి తనే నయం చేసుకోవడం, ఆ తర్వాత ఊరందరికీ చెయ్యడం. వీళ్ళ కాలేజీ వీళ్ళ ఒళ్ళే. ఒక్క రోగి మీద పనిచేసినదాన్ని అందరి మీదా పనిచేస్తుందనుకోవడంలో ఉన్న చిక్కేమిటో మనకి బాగా తెలుసు. "నా మెషీన్ మీద పనిచేసింది" అనే మాటకి మన ఆఫీసుల్లో ఎంత విలువుందో వేరే చెప్పాలా?

అలాగని వాళ్ళని తేలిగ్గా తీసిపారెయ్యడం కూడా అన్యాయమే. ప్రీస్నిట్జ్ కాలంలో డిగ్రీ ఉన్న డాక్టరు ఏం చేసేవాడో చూడాలి. నెత్తురు తీసేవాడు, జలగలు పట్టించేవాడు, పాదరసంతో చేసిన కాలోమెల్ తినిపించేవాడు. అలాంటి రోజుల్లో రోగిని కొండగాలిలో ఉంచి, తడిగుడ్డ చుట్టి, మంచినీళ్ళు తాగించి, నడిపించి, మితంగా తిండి పెడితే ఎక్కువమంది బతికుంటారు. నీళ్ళలో మహిమ ఉండక్కర్లేదు, పాదరసం లేకపోతే చాలు. చదువుకున్న డాక్టర్లు కూడా నీళ్ళని పూర్తిగా వదిలెయ్యలేదు. 1861 ప్రాంతంలో ఎర్నెస్ట్ బ్రాండ్ అనే జర్మన్ డాక్టరు టైఫాయిడ్ జ్వరానికి చన్నీళ్ళ తొట్టి స్నానాలు మొదలెడితే, ఆ పద్ధతి పెద్ద పెద్ద ఆస్పత్రుల్లో దశాబ్దాల తరబడి నడిచింది.

ఇంకో సంగతి, ఇది చట్టానికి సంబంధించింది. జర్మనీలో ఇంతమంది చదువులేని వైద్యులు ఒక్కసారి ఎలా పుట్టుకొచ్చారు? 1869లో ఉత్తర జర్మన్ సమాఖ్య ఒక వృత్తుల చట్టం చేసింది. దాని ప్రకారం 'డాక్టర్' అనే పట్టా పేరు పెట్టుకోనంత వరకు వైద్యం ఎవరైనా చెయ్యొచ్చు. తర్వాత అది జర్మన్ సామ్రాజ్యమంతటికీ వర్తించింది. కూనే 1883లో లైప్‌జిగ్‌లో చికిత్సాలయం తెరిచింది ఈ వెసులుబాటులోనే. వైద్యం అనేది అచ్చం మన వృత్తిలాగే లైసెన్సు అక్కర్లేని పనిగా ఉన్న రోజులన్నమాట.

కూనే సిద్ధాంతం చాలా సింపుల్. జబ్బులన్నీ ఒకటే జబ్బు. ఒంట్లో 'పర పదార్థం' పేరుకుపోవడమే దానికి కారణం. పొత్తికడుపులో మొదలై మెడకి, మొహానికి పాకుతుంది. కాబట్టి మొహం చూసి జబ్బు చెప్పెయ్యొచ్చు. చికిత్స కూడా దాదాపు ఒకటే. తొట్టి స్నానం, ఆవిరి స్నానం, ఉప్పూకారం లేని శాకాహారం. మన భాషలో చెప్పాలంటే అన్ని బగ్గులకీ ఒకటే రూట్ కాజు, అన్నిటికీ ఒకటే ఫిక్సు. అలా చెప్పేవాణ్ణి చూస్తే మనకి అనుమానం రావాలి గానీ, జనానికి మాత్రం అలాంటి వాడే నచ్చుతాడు. అప్పుడూ అంతే, ఇప్పుడూ అంతే.

ఇప్పుడు తెలుగువాళ్ళ పాత్రకొద్దాం. కూనే పుస్తకాన్ని 1894లో డి. వెంకటచలపతి శర్మ గారు తెలుగులోకి అనువదించారు. భారతదేశంలో ప్రకృతి వైద్య ఉద్యమం ఎక్కడ మొదలైందని ప్రభుత్వ సంస్థల ప్రచురణలు చూస్తే, ఈ తెలుగు అనువాదం పేరే చెప్తాయి. హిందీ, ఉర్దూ అనువాదాలు (బిజ్నోర్‌కి చెందిన శ్రోత్రి కిషన్ స్వరూప్ గారివి) వచ్చింది 1904లో. అంటే మనం పదేళ్ళు ముందున్నాం. ఉడిపి ఇడ్లీకి, బెంగుళూరు సాఫ్ట్‌వేరుకి ఉన్నంత పేరు దీనికి లేకపోవడం నాకైతే కొంచెం బాధే.

మనకి అంత తొందరగా ఎందుకు నచ్చింది? నా ఊహ చెప్తాను. లంఖణం పరమౌషధం అని అప్పటికే అనుకునే వాళ్ళం. పథ్యం అనే మాట ప్రతి ఇంట్లోనూ ఉంది. చన్నీళ్ళ స్నానం, మడి, ఏకాదశి ఉపవాసం అన్నీ ఉన్నవే. జర్మనీ చెక్కపని మనిషి వాటికి 'కొత్త శాస్త్రం' అని పేరు పెట్టి పంపితే, మన పాతదే తెల్లవాడి ముద్రతో తిరిగొచ్చినట్టయింది. పైగా మందులు కొనక్కర్లేదు, దొరల ఆస్పత్రికి వెళ్ళక్కర్లేదు. పుస్తకం, తొట్టి ఉంటే చాలు. కాలేజీ, మాస్టారు, పరీక్ష, ఇవేవీ లేకుండా పుస్తకం చదివి వైద్యుడైపోయే సంప్రదాయం ఇక్కడ కూడా అలాగే మొదలైంది.

అలా పుస్తకం చదివి వైద్యుడైన వాళ్ళలో అందరికన్నా పేరున్నాయన గాంధీ గారు. దక్షిణాఫ్రికాలో ఉండగా కూనేనీ, జస్ట్‌నీ చదివారు. పొట్ట మీద మట్టిపట్టీలు వేసుకోవడం జస్ట్ పుస్తకం చలవే. 1902లో బొంబాయిలో ఆయన రెండో కొడుకు మణిలాల్‌కి టైఫాయిడ్, దాంతోపాటు నిమోనియా లక్షణాలు వచ్చాయి. పిల్లాడికి పదేళ్ళు. డాక్టరు (పార్సీ ఆయన) మందులు పెద్దగా పనిచెయ్యవు, గుడ్లు, కోడి పులుసు ఇవ్వండన్నాడు. గాంధీ గారు ఒప్పుకోలేదు. కూనే చెప్పిన తొట్టి స్నానాలు, నీళ్ళు కలిపిన నారింజ రసం. జ్వరం 104 దాకా వెళ్ళింది. చివరికి తడి దుప్పట్లో చుట్టి, తలకి తడి తువ్వాలు కట్టి, భార్యకి అప్పజెప్పి, మనసు చిక్కబట్టుకోవడానికి చౌపాటీ వైపు నడకకి వెళ్ళిపోయారు. తిరిగొచ్చేసరికి పిల్లాడికి చెమటలు పట్టాయి, జ్వరం దిగింది. ఆత్మకథలో ఇదంతా చెప్పి, బతికింది దేవుడి దయవల్లో, నీళ్ళవల్లో, పథ్యంవల్లో ఎవరు చెప్పగలరని ఆయనే ఒప్పుకుంటారు. ఆ మాటకి నాకాయన మీద గౌరవం పెరిగింది. కూనే అయితే ఆ అనుమానం రానిచ్చేవాడు కాదు.

ఆ రోజుల్లో టైఫాయిడ్‌కి మందు లేదు, యాంటీబయాటిక్ రావడానికి ఇంకా నలభై ఏళ్ళ పైన పడుతుంది. కాబట్టి 1902లో గాంధీ గారి నిర్ణయం డాక్టరు నిర్ణయం కన్నా మరీ ప్రమాదకరమైనదేమీ కాదు. చిక్కు ఎక్కడంటే, మందు వచ్చాక కూడా అదే నిర్ణయం తీసుకుంటే.

1924 జనవరిలో ఎరవాడ జైల్లో ఉండగా ఆయనకి అపెండిసైటిస్ వచ్చింది. పూనా సాసూన్ ఆస్పత్రిలో కర్నల్ మాడక్ ఆపరేషన్ చేశాడు. మధ్యలో కరెంటు పోతే లాంతరు వెలుగులో పూర్తి చేశారు. మట్టిపట్టీ దగ్గర ఆగిపోకుండా ఆయన కత్తికి ఒప్పుకున్నారు, బతికారు. ఇరవై ఏళ్ళ తర్వాత ఆగాఖాన్ ప్యాలెస్‌లో నిర్బంధంలో ఉన్నప్పుడు కస్తూర్బా గారి జబ్బు. ప్రభుత్వ డాక్టర్లు, ఆయుర్వేద వైద్యుడు, పూనా ప్రకృతి వైద్యుడు దిన్‌షా మెహతా అందరూ చూశారు. చివర్లో అప్పటికి చాలా అరుదైన పెన్సిలిన్ తెప్పించారు. ఆమెని ఇంజెక్షన్లతో ఇక బాధపెట్టొద్దని గాంధీ గారు కొడుకు దేవదాస్‌కి నచ్చజెప్పారు. 1944 ఫిబ్రవరి 22న ఆమె పోయారు. ఆమె గుండె, ఊపిరితిత్తులు అప్పటికే పాడైపోయి ఉన్నాయి కాబట్టి పెన్సిలిన్ ఇస్తే బతికేవారని నేననను. కానీ ప్రకృతి వైద్యం ముందున్న అసలు ప్రశ్న ఆ గదిలో ఉంది. ఎక్కడిదాకా నీళ్ళు, మట్టి, ఎక్కడి నుంచి ఇంకొకరి చేతికి అప్పజెప్పాలి? పుస్తకం ఆ గీత గీయదు. గీయాలంటే రోగాన్ని గుర్తుపట్టడం రావాలి. దానికే చదువు.

1945 నవంబర్ 18న గాంధీ గారు అధ్యక్షుడుగా అఖిల భారత ప్రకృతి చికిత్స ట్రస్టు పత్రం మీద సంతకాలయ్యాయి (ఇప్పుడు ఆ రోజునే ప్రకృతి చికిత్స దినంగా జరుపుతున్నారు). పూనాలో మెహతా క్లినిక్ ఉన్నచోటే బీదవాళ్ళకి వైద్యం చేద్దామని మొదట ఆలోచన. పల్లెటూరి బీదవాడు పూనా సిటీకి ఎందుకొస్తాడని తట్టి, 1946 మార్చిలో ఉరులీ కాంచన్ అనే పల్లెకి వెళ్ళి, కొద్ది రోజులు తనే రోగుల్ని చూశారు. ఆయన వెళ్ళిపోయాక ఆ పని మణిభాయి దేశాయి భుజాన వేసుకున్నాడు. పూనా క్లినిక్ 1986లో జాతీయ ప్రకృతి చికిత్స సంస్థ అయింది.

ఇక్కడ కాసేపు ఆపి అమెరికా వెళ్ళొద్దాం. చదువు అనే గొడవ అక్కడ ముందే ముదిరింది మరి.

బెనెడిక్ట్ లస్ట్ జర్మన్ కుర్రాడు. 1892లో అమెరికా వెళ్ళి క్షయతో తిరిగొచ్చి, క్నైప్ దగ్గర కోలుకుని, 1896లో మళ్ళీ న్యూయార్క్ చేరాడు. 1901లో అక్కడ స్కూలు పెట్టాడు. 'నేచురోపతీ' అనే పేరు 1895లో జాన్ షీల్ అనే ఆయన పెట్టుకున్నది. ఆ పేరు మీది హక్కులు 1902లో లస్ట్ కొనుక్కున్నాడు. అవును, ఒక వైద్య విధానం పేరు డబ్బిచ్చి కొన్నారు. బ్రాండింగ్ మన తరం కనిపెట్టిందనుకుంటాం! క్నైప్ నీళ్ళు, కూనే తొట్టి, జస్ట్ మట్టి, మూలికలు, హోమియో, ఎముకలు సర్దడం... ఏది మందుల డాక్టర్లకి నచ్చదో అదంతా లస్ట్ ఈ గొడుగు కిందకి తెచ్చాడు. లైసెన్సు లేకుండా వైద్యం చేస్తున్నాడని ఎన్నోసార్లు అరెస్టయ్యాడు. పట్టాలుంటేగానీ లాభం లేదని తనే ఆస్టియోపతీ, ఆ తర్వాత ఎం.డి. కూడా సంపాదించుకున్నాడు.

గొడుగు పెద్దదైతే వాన అందరికీ తగలదు గానీ, కింద ఎవరున్నారో కూడా తెలీదు. పోస్టులో పాఠాలు, పోస్టులో పట్టాలు ఇచ్చే స్కూళ్ళు పుట్టగొడుగుల్లా లేచాయి. నాలుగేళ్ళు కష్టపడినవాడిదీ, చెక్కు పంపిన వాడిదీ ఒకటే పట్టా. 1925లో విస్కాన్సిన్, కనెక్టికట్ రాష్ట్రాలు ఒక చిత్రమైన చట్టం చేశాయి. నువ్వు ఏ పద్ధతిలో వైద్యం చేస్తావో మాకనవసరం, ముందు అనాటమీ, ఫిజియాలజీ, పాథాలజీలో పరీక్ష పాసవ్వు అని. తర్వాత చాలా రాష్ట్రాలు అదే దారి పట్టాయి. వైద్య సంఘాలు పోటీని తగ్గించుకోవడానికి వేసిన ఎత్తే అది, అందులో సందేహం లేదు. ఫలితం మాత్రం తమాషాగా వచ్చింది. మిగలాలనుకున్న నేచురోపాతులు ఆ సబ్జెక్టులే నేర్చుకోవలసి వచ్చింది. నాకు ఈ చరిత్రలో బాగా నచ్చిన మలుపు ఇదే. వాళ్ళని తొక్కడానికి పెట్టిన సిలబస్సే తర్వాత వాళ్ళకి గౌరవం తెచ్చిపెట్టింది.

1940ల్లో పెన్సిలిన్ వచ్చింది, 1945లో లస్ట్ పోయాడు, సంఘాలు చీలిపోయాయి. 1956లో పోర్ట్‌లాండ్‌లో ఒక్క కాలేజీ పెట్టుకుని, ఏడాదికి గుప్పెడుమందితో ఆ దీపం ఆరిపోకుండా కాపాడారు. 1968లో అమెరికా ఆరోగ్య శాఖ రిపోర్టు మెడికేర్‌లో వీళ్ళని చేర్చక్కర్లేదని తేల్చేసింది. వీళ్ళ చదువు జబ్బు నిర్ధారణకీ చికిత్సకీ సరిపోయేలా లేదనేది ముఖ్యమైన కారణం. పదేళ్ళకి, 1978లో, సియాటిల్‌లో జాన్ బాస్టిర్ పేరు మీద కాలేజీ మొదలైంది. 1996లో అది పక్కనున్న కెన్‌మోర్‌కి మారింది. రెడ్మండ్‌లో పనిచేసిన మనవాళ్ళు బాస్టిర్ పేరు వినే ఉంటారు. వాషింగ్టన్ రాష్ట్రంలో ఇన్సూరెన్సు కంపెనీలు లైసెన్సున్న నేచురోపాతులకి కూడా డబ్బు కట్టాలని 1990ల మధ్యలోనే చట్టమొచ్చింది. నెట్‌వర్కులో ఎన్.డి. అని కనిపిస్తే ఇదేం డాక్టరని తికమకపడిన వాళ్ళు నాకు తెలుసు.

ఆ ఎన్.డి. చదువు నాలుగేళ్ళు. మొదటి రెండేళ్ళు బేసిక్ సైన్సులు, ఒక పరీక్ష, తర్వాత క్లినిక్, ఇంకో పరీక్ష. ఆ పరీక్షలో హోమియోపతీ కూడా ఉంటుంది. బాటిల్‌లో మందు అణువు మిగలనంత పలచన చేసినదాన్ని ఫార్మకాలజీ పక్కన కూర్చోబెట్టడం నా మటుకు నాకు మింగుడుపడదు. ఇంకా పెద్ద లోటు చదువయ్యాక వస్తుంది. ఎం.డి. అయినవాడు కనీసం మూడేళ్ళు ఆస్పత్రిలో రాత్రింబవళ్ళు రెసిడెన్సీ చెయ్యాలి. ఎన్.డి.కి చాలా రాష్ట్రాల్లో ఆ నిర్బంధం లేదు. నిజంగా చావుబతుకుల్లో ఉన్న రోగిని చూడకుండానే లైసెన్సు వచ్చేస్తుంది. బాస్టిర్‌లోనే చదివి, కొన్నేళ్ళు ప్రాక్టీసు చేసి, బయటకొచ్చి ఈ విషయాల మీదే గట్టిగా రాసిన బ్రిట్ హెర్మిస్ అనే ఆవిడ మీద పరువునష్టం కేసు కూడా వేశారు. 2019లో జర్మన్ కోర్టు ఆవిడ పక్షానే తీర్పిచ్చింది.

జర్మనీ అంటే గుర్తొచ్చింది. 1869 నాటి స్వేచ్ఛకి 1939లో నాజీలు అడ్డుకట్ట వేశారు. హైల్‌ప్రాక్టికర్ చట్టం పేరుతో కొత్తవాళ్ళకి దారి మూసి ఆ వృత్తిని మెల్లగా అంతం చెయ్యాలని వాళ్ళ ఉద్దేశం. యుద్ధం తర్వాత కోర్టులు ఆ దారి మళ్ళీ తెరిచాయి. ఇప్పుడక్కడ పరిస్థితి ఏమిటంటే, పాతికేళ్ళు నిండి, ఆరోగ్య శాఖ పెట్టే పరీక్షలో నీవల్ల జనానికి ప్రమాదం లేదని తేలితే చాలు, ఎక్కడ చదివావు, ఎన్నేళ్ళు చదివావని చట్టం అడగదు. ఈ వైద్యం పుట్టిన దేశంలో సర్టిఫికేషన్ పరీక్ష ఉంది, కోర్సు లేదు. మన దేశంలో కోర్సు ఉంది, మిగతాది చెప్తాను.

హైదరాబాద్‌లో బి. వెంకటరావు గారు, ఆయన భార్య విజయలక్ష్మి గారు 1949లో ప్రకృతి వైద్యశాల పెట్టారు. మొదట్లో చెప్పిన నేచర్ క్యూర్ హాస్పిటల్ అదే. ఆంధ్రదేశంలో మిగతా చోట్ల కూడా కృషి జరిగింది, భీమవరంలో వేగిరాజు కృష్ణంరాజు గారి పేరు పాతవాళ్ళందరికీ తెలుసు. కానీ చాలా చోట్ల నేర్పే పద్ధతి ఆశ్రమం పద్ధతే. పెద్దాయన దగ్గర ఉండాలి, తొట్లు నింపాలి, పట్టీలు వెయ్యాలి, చూసి నేర్చుకోవాలి. హైదరాబాద్ దంపతులు చేసిన వేరే పని 1970లో కాలేజీ పెట్టడం. ఉస్మానియా పేరుతో ఎన్.డి. డిప్లొమా తీసుకున్న తరం అక్కడ తయారైంది. పాత ప్రకృతి వైద్యుల బోర్డుల మీద పేరు పక్కన 'ఎన్.డి. (ఉస్మానియా)' అని చూసి ఉంటారు. ఆ తర్వాత కేంద్రంలో 1978లో యోగా, ప్రకృతి వైద్యాల పరిశోధనకి ప్రత్యేక మండలి వచ్చింది (మొరార్జీ దేశాయి ప్రధానిగా ఉన్న రోజులు, ఆశ్చర్యమేం లేదు). 1989లో కర్ణాటక ఉజిరెలో ధర్మస్థల వాళ్ళ కాలేజీ బి.ఎన్.వై.ఎస్. డిగ్రీ మొదలుపెట్టింది. హైదరాబాద్ కాలేజీ కూడా డిప్లొమా వదిలి డిగ్రీకి మారింది.

ఆ సిలబస్ చూస్తే కూనే గుర్తుపట్టలేడు. అనాటమీ, ఫిజియాలజీ, బయోకెమిస్ట్రీ, పాథాలజీ, మైక్రోబయాలజీ, ప్రసూతి, అత్యవసర వైద్యం ఉన్నాయి. వాటి పక్కన జల చికిత్స, ఉపవాస చికిత్స, మర్దన, పథ్యం, యోగా, ఆక్యుపంక్చర్. సగం సిలబస్ జబ్బులన్నీ వేరు వేరని చెప్తుంది, మిగతా సగం చరిత్రలో జబ్బులన్నీ ఒకటేనన్న మనిషి ఉన్నాడు. ఆ పిల్లలు ఈ రెండిటినీ ఒకే బుర్రలో ఎలా సర్దుకుంటారో అనిపిస్తుంది.

ఇది పుస్తకాల గొడవ కాదని చెప్పడానికి మా ఇంటి సంగతొకటి. మా మేనమామకి పదిహేనేళ్ళుగా షుగరు. ఊళ్ళో ఎవరో కొద్ది రోజుల కోర్సు చేసి 'డాక్టర్' అని రాసుకున్నాయన, మాత్రలన్నీ ఒకేసారి అవతల పారేసి పది రోజులు రసాల మీద ఉండమన్నాడు. మావయ్య భయంతో మాత్రలు మానలేదు, భక్తితో తిండి మాత్రం మానేశాడు. మూడో రోజు పొద్దున్నే చెమటలు పట్టి, మాట తడబడి పడిపోయాడు. అత్తయ్య నోట్లో చక్కెర వేసి ఆస్పత్రికి తీసుకెళ్ళింది. షుగరు మాత్ర వేసుకుని తిండి మానేస్తే షుగరు ప్రమాదకరంగా పడిపోతుంది. ఇన్సులిన్ మీదే బతికే టైప్ 1 పిల్లాడికి ఇన్సులిన్ ఆపేస్తే కొద్ది రోజుల్లోనే ప్రాణం మీదకొస్తుంది. ఉపవాసం 'ప్రకృతి' కావచ్చుగానీ, అది ఒంట్లో ఉన్న మందుతో కలిస్తే ఏమవుతుందో తెలియాలంటే ఆ మందు గురించి చదివి ఉండాలి.

మరుసటి ఏడు మావయ్య మళ్ళీ ప్రకృతి వైద్యానికే వెళ్ళాడు (ఆయన అంతే!). ఈసారి బి.ఎన్.వై.ఎస్. చదివిన అమ్మాయి. పాత రిపోర్టులన్నీ చూసి, మందులు రాసే డాక్టరు ఫోను నంబరు తీసుకుని, మాట్లాడి, రోజుకి మూడుసార్లు షుగరు చూస్తూ తిండి తగ్గించింది. మందు తగ్గించే పని ఆ డాక్టరుకే వదిలేసింది. కాలి మీద పుండు కనిపిస్తే ముందు దాన్ని సర్జన్‌కి చూపించి రమ్మంది. అదే నీళ్ళు, అదే మట్టి. తేడా అంతా ఏది తన చేతిలో లేదో తెలియడంలో ఉంది. లంచ్ టేబుల్ దగ్గర ఆయనకి నేను చెప్పిన జవాబు కూడా ఇదే. తొట్టి స్నానం నేర్చుకోవడానికి అయిదున్నరేళ్ళు అక్కర్లేదు, ఎవరికి తొట్టి స్నానం చేయించకూడదో నేర్చుకోవడానికి కావాలి.

2000ల్లో మంతెన సత్యనారాయణ రాజు గారి ధర్మమా అని ఉప్పూ నూనే లేని వంట, పొద్దున్నే లీటర్ల కొద్దీ నీళ్ళు ప్రతి తెలుగింటికీ చేరాయి. బరువు తగ్గినవాళ్ళు, బి.పి. అదుపులోకొచ్చిన వాళ్ళు బోలెడుమంది, కాదనను. టీవీ తెర మీద నుంచి చెప్పే సలహాకి మాత్రం ఒక పరిమితి ఉంది. కిడ్నీలు పాడైనవాడికీ, పాతికేళ్ళ కుర్రాడికీ తెర ఒకే మాట చెప్తుంది.

పైన బాకీ పెట్టిన మాట. మన దేశంలో కోర్సు ఉంది, మరి ఆ పేరుకి కాపలా ఎవరు? కర్ణాటక 1961లోనే వైద్యుల రిజిస్ట్రేషన్ చట్టంలో ఆయుర్వేదం, యునానీలతో పాటు ప్రకృతి వైద్యాన్నీ చేర్చింది. మిగతా చోట్ల రాష్ట్రానికో పద్ధతి. 2020లో పార్లమెంటు భారతీయ వైద్య విధానాల జాతీయ కమిషన్ చట్టం చేసింది. ఆయుర్వేదం, యునానీ, సిద్ధ, సోవా రిగ్పా అందులో ఉన్నాయి. యోగా, ప్రకృతి వైద్యాలు లేవు. చేర్చమని పార్లమెంటు స్థాయీ సంఘం చెప్పినా చేర్చలేదు. జర్మనీలో పుట్టినది భారతీయ వైద్యం కాదనుకున్నారో, మందే లేనిదానికి కంట్రోలు ఎందుకనుకున్నారో గానీ, నష్టం ఎవరికంటే అయిదున్నరేళ్ళు చదివిన ఆ అమ్మాయికి. కొద్ది రోజుల కోర్సు ఆయనకీ, ఆవిడకీ బోర్డు మీద ఒకటే మాట 'ప్రకృతి వైద్యులు'. దేశమంతటికీ ఒకే రిజిస్టరు లేదు కాబట్టి మా మావయ్య లాంటి వాడు తేడా కనుక్కోవాలంటే బోర్డు కింద చిన్నక్షరాలు చదవాలి, ఆ అక్షరాల్లో ఏది డిగ్రీయో, ఏది దూరవిద్య డిప్లొమానో తెలిసుండాలి. మన ఫీల్డులో ఫేక్ ఎక్స్‌పీరియన్స్ పెట్టినవాడు దొరికితే బ్యాక్‌గ్రౌండ్ చెక్‌లో పోతాడు. అక్కడ ఆ చెక్ చేసేది రోగి ఒళ్ళే.

చివరగా ఒక విన్నపం. 1894 నాటి ఆ వెంకటచలపతి శర్మ గారి పుస్తకాన్ని కళ్ళారా చూడాలని నాకు చాలా కోరికగా ఉంది. కూనే మాటలకి ఆయన తెలుగులో ఏ పదాలు వాడారు, 'పర పదార్థం' లాంటిదానికి ఏం పేరు పెట్టారు, ఆయుర్వేదం నుంచి తెచ్చుకున్నారా, కొత్తగా కట్టారా అని కుతూహలం. మీ తాతగారి బీరువాలోనో, ఊళ్ళో పాత గ్రంథాలయంలోనో కనబడితే లోపలి పేజీలు నాలుగు ఫోటో తీసి పంపండి, పుణ్యముంటుంది.